మందు దాకా ఎందుకు రావాలి?

చచ్చిన బ్రాయిలర్ కోడిని కోసి చూస్తే గుండె, కాలేయం మీద పసుపు కలిసిన తెల్లటి పొర కనబడుతుంది. అది ఇ.కోలై బ్యాక్టీరియా పని అనగానే ఫారంలో పుట్టే మొదటి ప్రశ్న, ఏ యాంటీబయాటిక్ వేయాలని. అసలు అడగాల్సింది వేరు. ఆ బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోడి పేగుల్లోనూ ఉంటుంది. మరి గుండె దాకా ఎలా వెళ్లింది? చాలాసార్లు దారి షెడ్డులో కింద పరిచిన ఊక, అంటే లిట్టర్ దగ్గరే మొదలవుతుంది. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కారి ఊక తడుస్తుంది, చలికి భయపడి పరదాలు బిగిస్తారు, షెడ్డులో అమ్మోనియా నిలిచిపోతుంది. అది 25 పీపీఎం దాటకూడదు; దాటితే శ్వాసనాళంలో దుమ్మును బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. ఇక దుమ్ముతో వచ్చిన బ్యాక్టీరియా గాలి తిత్తుల్లోకి, అక్కణ్నుంచి రక్తంలోకి చేరుతుంది. రానిఖెట్, ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ (ఐబీ) వైరస్‌లు కూడా అదే దారి తెరుస్తాయి కనుక వాటి టీకాలూ ఈ నివారణలో భాగమే. గుప్పెడు లిట్టర్ పిండి చూడండి: ముద్ద కట్టి విడిపోకపోతే తడి ఎక్కువైనట్టే.

నీళ్ల సంగతీ అంతే. ట్యాంకులో క్లోరిన్ కలిపాం కదా అంటే సరిపోదు, చిట్టచివరి నిపుల్ దగ్గర పరీక్షించాలి. నీటి పీహెచ్ 8 దాటితే క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుంది. విటమిన్లు, బెల్లం నీళ్లు పారిన పైపుల్లో జిగురు పేరుకుంటుంది. దాని చాటున బ్యాక్టీరియా బతికిపోతుంది. బ్యాచ్ వెళ్లగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లైన్లు కడగకపోతే పాత బ్యాచ్ రోగమే కొత్త పిల్లలకూ అందుతుంది.

దాణాలో కాస్త యాంటీబయాటిక్ కలిపితే ఇంత తంటా ఎందుకనేవాళ్లున్నారు. పెరుగుదల కోసం అలా కలపడాన్ని స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించాయి. డెన్మార్క్ బ్రాయిలర్ రంగం 1998లో మానేస్తే దాణా స్వల్పంగా ఎక్కువ పట్టిందే తప్ప చావులు పెరగలేదు. కలపడం వల్ల నష్టమేమిటో కొలిస్టిన్ చెబుతుంది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న ఈ మందును తట్టుకునే జన్యువు బ్యాక్టీరియా మధ్య చేతులు మారుతోందని 2015లో చైనాలో బయటపడింది. 2019లో మన ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో దాన్ని నిషేధించింది. అలాగని జబ్బు కోళ్లను వదిలేయమని కాదు. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్‌లో తేల్చుకుని, డాక్టరు రాసిన మోతాదు పూర్తిగా వాడి, మందు ఆపాక ఆగాల్సిన గడువు తీరాకే అమ్మాలి. నివారణ కోసం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డు ఖాళీగా ఆరబెడితే రాబడి పోతుందన్న అభ్యంతరంలో మాత్రం న్యాయముంది. కంపెనీ పిల్లలనిచ్చి రైతుతో పెంచించే ఇంటిగ్రేషన్‌ పద్ధతిలో రైతుకు వచ్చేది కిలోల లెక్కన కూలి, పిల్లలెప్పుడు దించాలో నిర్ణయించేది కంపెనీ. కనుక ఆ ఖాళీ రోజుల ఖర్చును కంపెనీయే భరించాలని ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే రైతుకు మందు డబ్బానే చవగ్గా కనిపిస్తుంది.