పేరెరుగని పరీక్షకుడు

గడచిన వారము నా గదినుండి నన్నే వెలివేసినారు. మా కోయిలకుంట్ల వీధిచివర శనగ పండించు కౌలురైతు కూతురు, నంద్యాలలో ఇంజనీరింగు కడపటి సంవత్సరము చదువుచున్న పిల్ల, తమ యింట సెల్‌ఫోను సిగ్నలు నిలుకడగా నుండదనియు, నా యింట బ్రాడ్‌బ్యాండు కలదనియు ఎరిగి, "తాతా, రొండు గంటలు నీ రూము ఇయ్యి, టెస్టు రాసుకుంటా" అని అడుగగా సంతోషముతోనే యిచ్చితిని గాని, ఆ పరీక్షకు గల నియమములను వినిన పిమ్మట సంతోషము సగమైనది. గదిలో ఇంకొక ప్రాణి యుండరాదు. కెమెరాను నలుదెసల త్రిప్పి గోడలు, బల్ల, బల్లక్రింది చోటు చూపవలెను. చూపు తెరను విడిచి ప్రక్కకు పోయినచో హెచ్చరిక వచ్చును. ఎచటనో యున్న యంత్రమొకటి నా పుస్తకముల బీరువాను దొంగసొత్తువలె పరిశీలించుచున్నదని తలచుచు, అరుగుమీద కూర్చుండి, దగ్గునుసైతము మ్రింగుకొనుచు, పరీక్షలన్నింటిపై నాకున్న పాతపగను మరల నెమరువేసితిని.

ఆ పగ ఈ శీర్షిక చదువరులకు క్రొత్తది కాదు. నాలుగు జవాబులు చూపి, ఒకదానిని గురుతు పెట్టుమనెడి విద్యను నేను మెచ్చుకొన్న దినము లేదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఎదుట కూర్చుండి, నిషిద్ధాక్షరి యనియు, దత్తపది యనియు, సమస్య యనియు అడ్డంకులు కల్పించి, అప్రస్తుతప్రసంగముతో మధ్యమధ్య మతి చెదరగొట్టినను, అవధాని నెగ్గవలెననియే సభ కోరును, లోలోన పృచ్ఛకుడును కోరును. ఉద్యోగార్థిని పరీక్షించువారిలో ఆ కోరిక యేదియని నేను పలుమారులు వ్రాసియుంటిని. 2015లో మాక్స్ హవెల్ అను ప్రోగ్రామరు, తాను రచించిన హోంబ్రూ అను సాధనమును గూగుల్ ఇంజనీర్లలో అధికసంఖ్యాకులు వాడుచున్నను, తెల్లబల్లపై బైనరీ ట్రీని తలక్రిందులు చేయలేకపోయినందున ఆ సంస్థ తనను త్రోసిపుచ్చినదని ట్విట్టరులో వాపోయినాడు. లోకమంతయు ఆశ్చర్యపడినది గాని సీమవాడు ఆశ్చర్యపడనక్కరలేదు. ఏలయన మాకు పుట్టపర్తి నారాయణాచార్యులవారి కథ కలదు.

నా బాల్యమున మా తెలుగు పంతులుగారు వార్షికపరీక్షల ముందు ప్రతియేటను ఈ కథ చెప్పెడివారు, చెప్పిన ప్రతిసారియు కోపముతో ఊగిపోయెడివారు. 1914లో అనంతపురము జిల్లా చియ్యేటిలో పుట్టి, ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణలు చేయుచు శివతాండవమును అల్లిన ఆ మహాకవి, కౌమారముననే 'పెనుగొండలక్ష్మి' యను కావ్యమును రచించెను. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథముగా తటస్థించినది. తన గ్రంథముపై తానే జవాబు వ్రాయవలసి వచ్చిన పరీక్షార్థి లోకమున ఇంకెందరుందురో! అడిగినది రెండు మార్కుల ప్రశ్న యనియు, కవిగారు పెనుగొండ శిథిలములలో మరల మైమరచి పుటలకొలది వ్రాయుచుండగా గంట మ్రోగినదనియు, మిగిలిన ప్రశ్నలు మిగిలిపోయి ఆయన తప్పినారనియు మా ప్రాంతమున చెప్పుకొందురు. "కవిని గుర్తింపలేని కలమునకు ఎఱ్ఱసిరా ఎందుకురా?" అని పంతులుగారు మా తలలపైనుండి కిటికీవైపు చూచి అడిగెడివారు. అటుచూచుటకు కారణము, హెడ్మాస్టరు గది ఆ వైపున నుండుట.

పరీక్ష ముగించి చెమటతో వెలువడిన పిల్లకు ఊరట కలుగునని ఈ కథనంతయు వినిపించితిని. ఆమె మజ్జిగ త్రాగుచు సావధానముగా వినెను. "రొండు మార్కులకు అంత రాస్తే మిగతావాటికి టైము యాడుంటాది తాతా? దిద్దినాయనకు రాసిందెవురో తెలియకపోవడమే మంచిదైంది. తెలిసి పాసు చేసింటే, పక్క బెంచీలో కూసున్నోని గతేంగావాల?"

ఆ ప్రక్క బెంచీవానిని మా పంతులుగారు తలపలేదు, ఇన్నేండ్లుగా ఈ కథను ఉటంకించుచున్న నేనును తలపలేదు. సభలో అవధానికి శాలువ కప్పుదురు, పేరుతో పిలుతురు. అది పేరుగలవానికి పెట్టు పరీక్ష. కోయిలకుంట్ల కౌలురైతు బిడ్డకు ఇంకను పేరు లేదు. నా గదిని సోదాచేసిన ఆ యంత్రము ఎంత కుసంస్కారియైనను, ఆమె ఎవరి కూతురని అడుగలేదు, ఎవరి సిఫారసు ఉత్తరము తెచ్చినదని అడుగలేదు. లింక్డ్ లిస్టును తిరుగవేయుమన్నది, తిరుగవేసిన ప్రోగ్రామును తాను దాచియుంచిన టెస్ట్ కేసులపై నడిపి చూచినది, అంతే. కవిగారిని తప్పించిన గ్రుడ్డితనమే ఈమెకు దక్కిన న్యాయము.

కనులున్న పరీక్షకుడు తరువాత వచ్చినాడు. మరల నా గదిలోనే వీడియో ఇంటర్వ్యూ, ఎదుట నున్నది మర్యాదస్థుడైన మనిషి, మందహాసము కూడ వినవచ్చుచుండెను. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే, ప్రోగ్రామును తడబాటులేక వ్రాసిన ఆ పిల్ల ఎవరో కూర్చి యిచ్చిన ఇంగ్లీషు వాక్యములను వల్లెవేయజొచ్చినది. స్వస్థలమెచటనని అడిగినాడు, నంద్యాలను సైతము దాటవేసి "నియర్ కర్నూల్" అన్నది. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల సందులలో, ఒక గదిలో జావా, ప్రక్కగదిలో ఎట్లు కూర్చుండవలెను, ఎట్లు నవ్వవలెను అను విద్యయు ఏల విక్రయింపబడుచున్నవో ఆనాడు తలుపివతలనుండి బోధపడినది. 2013లో గూగుల్ సిబ్బంది వ్యవహారముల అధిపతి లాజ్లో బాక్, చిక్కుప్రశ్నలు వట్టి కాలహరణమనియు, అందరినీ ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో కొలుచుట మేలనియు చెప్పియుండెను. యంత్రము ఆ పని చేయుచున్నది. "అయిదేండ్లకు నీవెచ్చట నుందువు" అని నవ్వుచు అడుగువాడు చేయుటలేదు. కావున ఈ శీర్షికలో యంత్రపరీక్షను నిందించు పనిని నేటితో చాలించుచున్నాను. నాకిక పగయున్నది ఆ మందహాసముతో.

పరీక్షలో తన కెన్ని మార్కులు వచ్చినవో ఆ సాయంకాలమే పిల్లకు తెలిసినది. సంభాషణలో ఎన్ని వచ్చినవో, ఎందుకు వచ్చినవో చెప్పలేదు, చెప్పరట.