అరవై దాటాక తెల్ల పండ్లు

మా సూర్యాపేట, మిర్యాలగూడ వైపు పెద్దమనుషులు మనసారా నవ్వితే చాలామంది పండ్ల మీద గోధుమరంగు చారలు కనబడతాయి. అన్ని ఊళ్లలో ఒకేలా ఉండకపోవచ్చు గానీ, ఉమ్మడి నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరిగిందే. పటిక, సున్నం కలిపి ఆ నీళ్లను శుద్ధిచేసే విధానాన్ని నాగపూర్‌లోని ‘నీరీ’ సంస్థ 1970లలో తయారుచేసింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే నిలిచిపోయింది. ముందుపండ్ల మీది ఎనామిల్ పొర ఎనిమిదేళ్ల వయసులోపే ఏర్పడుతుంది. ఆ వయసులో తాగిన నీళ్లే పంటి మీద మరకగా మిగులుతాయి. మా వైపు వచ్చే నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలింది 1967లో. ఇప్పుడు డెబ్బై దాటినవాళ్ల ముందుపండ్లు అప్పటికే తయారై ఉన్నాయి. తర్వాత ఎన్ని నీళ్ల పథకాలొచ్చినా ఆ చారలు పోలేదు.

అందుకే మా అమ్మ పండ్లసెట్టుకు రంగు ఎంచుకునేటప్పుడు పెద్ద పేచీ వచ్చింది. డాక్టరు చేతిలో ఒక రంగుల పట్టీ ఉంటుంది. వీటా కంపెనీవాళ్ల పాత పట్టీలో 16 ఛాయలుంటాయి, అందులో మా నల్లగొండ చార ఒక్కటీ ఉండదు. “ఇంత తెల్లగ వద్దు సారూ, చుట్టాలు నన్ను గుర్తువట్టరు” అన్నది అమ్మ. ఆయన నవ్వి, పట్టీ చివర ఉన్న పసుపుఛాయ పన్ను తీసి చూపించాడు. అదే ఖాయమైంది. పండ్లన్నీ పోయినవాళ్లకు ఇంతటితో సరి. నాలుగైదు పండ్లు మాత్రమే పోయినవాళ్ల తిప్పలు వేరు. చారల పండ్ల నడుమ కొత్త పన్ను ఎక్కడ పెట్టినా మెరుస్తూనే ఉంటుంది. ఓపికున్న టెక్నీషియన్ దొరికితే దాని మీద కూడా లేత చార గీస్తాడు.

సెట్టు ఒక్కరోజులో అయ్యే పని కాదు. పండ్లు పీకించాక చిగుళ్లు మానడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగమంటారు. తర్వాత ముద్దలాంటి మందుతో అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేస్తారు. దాని మీద ఆ నోటికే సరిపడే ట్రే తయారుచేసి మళ్లీ అచ్చు తీస్తారు. మైనపు గట్లు నోట్లో పెట్టి పైదవడ, కిందిదవడ ఎక్కడ కలుస్తాయో చూస్తారు. ఆ తర్వాత వచ్చేదే అసలు రోజు. పండ్లను మైనంలోనే గుచ్చి, నోట్లో పెట్టి అద్దం చేతికిస్తారు. ఆ రోజు ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండాలి. మాట్లాడించి చూడాలి, నవ్వించి చూడాలి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూడాలి. మైనం మీద ఏ మార్పైనా అవుతుంది. అది కరిగి, దాని స్థానంలో అక్రిలిక్ ఉడికి గట్టిపడ్డాక పన్ను జరపమంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. మా వాళ్లేమో ఆ రోజే “బాగుంది సారూ, బస్సుకు టైమైంది” అని లేస్తారు.

సెట్టు చేతికొచ్చాక మొదటి వారం నోరంతా పరాయిది. నోట్లో ఏదో వస్తువు పడిందనుకుని లాలాజలం ఊరుతూనే ఉంటుంది. ‘స’ పలికితే ఈల వస్తుంది. ఎక్కడో ఒకచోట అంచు ఒరుసుకుని పుండు పడుతుంది. “వేరేవాళ్ల పండ్లు నా నోట్ల వెట్టినట్టున్నదిరా” అన్నది అమ్మ. చాలా సెట్లు డబ్బాలోకి చేరేది ఈ వారంలోనే. ఒరుసుకునే చోటును డాక్టరు కాస్త అరగదీస్తే పోయే బాధ అది. దానికి మళ్లీ పట్నం పోవాలి. ఊళ్ల నుంచి కోదాడకో మిర్యాలగూడకో బస్సెక్కి వచ్చే ముసలివాళ్లకు ఒక పూట పని పోతుంది, తోడుగా వచ్చిన కొడుక్కు కూలి పోతుంది. డబ్బులు కట్టేశాం, వస్తువు చేతికొచ్చింది, ఇంకా ఎందుకు అనుకుంటారు. నన్నడిగితే, సెట్టు ధరతో పాటే తర్వాత రావలసిన రోజులను కూడా చీటీ మీద రాసివ్వాలి. సెట్టులో సగం పని ఆ రాకపోకల్లోనే అవుతుంది.

గాంధీగారికీ సెట్టు ఉండేది. తినేటప్పుడు పెట్టుకుని తర్వాత తీసేసేవారు. మా వైపు దీనికి తలకిందులు. పెళ్లికి పెట్టుకుని పోతారు, బంతిలో కూర్చునే ముందు తీసి కొంగున ముడేసుకుంటారు. తినడం నేర్చుకోకపోవడమే దీనికి కారణం. సొంత పండ్ల బలంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది సెట్టుతో. ముందుపండ్లతో కొరికితే వెనకాల లేస్తుంది. చిన్న ముక్కలు చేసి, నోటి రెండువైపులా సమంగా నమలాలి. పప్పులో నానిన జొన్నరొట్టెతో మొదలుపెట్టాలి. సకినాల దాకా రావడానికి నెలలు పట్టొచ్చు, కొందరు ఎప్పటికీ రాకపోవచ్చు.

రాత్రి తీసి గ్లాసెడు చల్లటి నీళ్లలో వేయాలి. ఎండబెడితే వంకరపోతుంది, వేడినీళ్లలో వేసినా అంతే. రాత్రంతా నోట్లోనే ఉంచుకుంటే అంగిలి ఎర్రబారి బూజు పడుతుంది. పళ్లపొడి, బొగ్గు, ఉప్పు వేసి తోమేవాళ్లున్నారు. గీతలు పడి, ఆ గీతల్లోనే పాచి పట్టుకుంటుంది. ఒంటిసబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. కడిగేటప్పుడు కింద నీళ్ల బకెట్ పెట్టుకుంటే, చేజారినా నేల మీద పడదు. విరిగితే ఇంట్లో గమ్ముతో మాత్రం అతికించొద్దు. తప్పుగా అతికిన అంచుల్ని సరిచేయడం టెక్నీషియన్‌కు కూడా కష్టమే.

పైసెట్టుకు అంగిలి మొత్తం ఆసరా ఉంటుంది, పలుచని లాలాజలం పొర దాన్ని పట్టి ఉంచుతుంది. కిందిది గుర్రపునాడా ఆకారంలో ఉండి, నాలుక కదిలినప్పుడల్లా జరుగుతుంది. పైగా పండ్లు లేని ఎముక ఏటా అరుగుతూనే ఉంటుంది. కట్టుడు పండ్లవాళ్లను 25 ఏళ్లు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రచురించిన లెక్క ప్రకారం, కిందిదవడ పైదానికంటే నాలుగు రెట్లు అరుగుతుంది. సెట్టు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, కింద దవడే తగ్గిపోతుంది. అప్పుడు ప్రతిసారీ కొత్తది చేయించనక్కర్లేదు, చాలాసార్లు లోపలివైపు మళ్లీ అచ్చు తీసి లైనింగ్ వేస్తే చాలు. అమ్మ కిందిసెట్టు మొన్నటి నుంచి అన్నం తింటుంటే జరుగుతున్నదట. ఎప్పుడు పోదామంటే, “సంక్రాంతి లోపల కానియ్యి” అన్నది.