సప్తగిరి బస్సు, గ్లేసియర్ ఎర్రబస్సు

తిరుమల మొదటి ఘాట్ రోడ్డును 1944లో తెరిచారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్ నేషనల్ పార్కును పడమర నుంచి తూర్పుకు దాటించే గోయింగ్ టు ది సన్ రోడ్డుకు 1933లో ప్రారంభోత్సవం జరిగింది. రెండూ దాదాపు ఒకే తరం కొండరోడ్లు. నడిచో, డోలీలోనో, గుర్రం మీదో తప్ప వెళ్లలేని ఎత్తులకు మోటారు బండిని ఎక్కించాయి. ఎందుకు ఎక్కించాలన్న దగ్గరే రెండింటి దారులూ వేరయ్యాయి.

గ్లేసియర్‌లో రోడ్డే యాత్ర. సుమారు ఎనభై కిలోమీటర్ల ఆ దారికి మొదట పదిహేను మెలికలతో ప్రణాళిక వేశారు. కొండ ఒంటి మీద అన్ని గాట్లు పడకూడదని దాన్ని పక్కనపెట్టి, ఒకే ఒక్క పెద్ద మలుపుతో, గార్డెన్ వాల్ అనే రాతిగోడ వెంబడి పైకి తీసుకెళ్లారు. 1930లలో తయారైన ఎర్రబస్సులు దాని మీద ఇప్పటికీ తిరుగుతున్నాయి. పైనున్న గుడ్డకప్పు చుట్టేస్తే సీట్లో లేచి నిలబడి శిఖరాలు చూడవచ్చు. నడిపే మనిషే కథకుడు కూడా. వీపింగ్ వాల్ దగ్గర రాతి మీంచి జారే నీటిని, 2,025 మీటర్ల ఎత్తున లోగన్ పాస్‌ను, దూరాన జాక్సన్ హిమానీనదాన్ని చూపిస్తాడు. ఆ మంచు ఏటేటా ఎలా తరిగిపోతోందో దాచకుండా చెబుతాడు. చూడడాన్ని ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దిన రోడ్లు నాకు తెలిసి తక్కువ.

తిరుమల రోడ్డు గురించి తెలుగు పాఠకుడికి నేను కొత్తగా చెప్పేదేముంది? అలిపిరి దాటగానే సప్తగిరి బస్సులో గోవిందనామం మొదలవుతుంది, మనసు అప్పుడే క్యూలైన్లోకి వెళ్లిపోతుంది. కిటికీ బయటి కొండలు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనమనీ, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అనీ ఎందరికి గుర్తుంటుంది? ఎర్రచందనం, బంగారు బల్లి, ఇంకెక్కడా సహజంగా పెరగని సైకాస్ బెడ్డోమీ అనే అతి పురాతన జాతి మొక్క, అన్నీ ఆ మలుపుల చుట్టుపక్కలే ఉన్నాయి. గ్లేసియర్ యాత్రికుడు కొండ కోసమే వస్తే, మనం కొండను దాటుకుని స్వామి కోసం వెళతాం.

అయితే మెట్లదారి భక్తుడి మాట వేరు. 3,550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఇల్లాలికీ, మోకాళ్ల పర్వతాన్ని మోకాళ్ల మీదే ఎక్కే ముసలాయనకూ కొండ వాలు ఒంటికి తెలుస్తుంది. కప్పు తీసేసిన బస్సులో కూర్చున్నవాడికి ఆ జ్ఞానం అందదు. అడవి తనదేనని గుర్తుచేసే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే. అక్కడ ఎలుగుకు వంద గజాల దూరం పాటించమంటారు, మిరపకారపు స్ప్రే వెంట ఉంచుకోమంటారు. అలాగే, 2023లో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక అలిపిరి దారిలో నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు, పిల్లలతో నడిచే వేళలకు హద్దు పెట్టారు.

గ్లేసియర్‌ను వట్టి ప్రకృతి దృశ్యంగా చూసి వచ్చేవాళ్లకు అందులో సగమే దొరుకుతుంది. పార్కు తూర్పు భాగం బ్లాక్‌ఫీట్ అనే మూలవాసీ ప్రజల నేల. 1895లో ప్రభుత్వం దాన్ని వాళ్ల దగ్గర్నుంచి తీసుకుంది, 1910లో పార్కయింది. బ్లాక్‌ఫీట్ గైడ్లు నడిపే సన్ టూర్స్ బస్సెక్కితే అదే రోడ్డు మీద వాళ్ల పూర్వీకులు, వాళ్ల మూలికలు, వాళ్ల శిఖరాల పేర్లు వినబడతాయి. పార్కు సరిహద్దులోని చీఫ్ మౌంటెన్ వాళ్లకు పవిత్రం. దాని చెంత ఉపవాసముండి ప్రార్థిస్తారు, చెట్లకు మొక్కు గుడ్డలు కడతారు. ముడుపు కట్టే మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ చీఫ్ మౌంటెనే భూగర్భ శాస్త్రజ్ఞులకూ గొప్ప పాఠం. వంద కోట్ల ఏళ్లు దాటిన రాయి, భూమి ఒత్తిడికి జరిగి వచ్చి, డైనోసార్ల కాలపు రాతి మీద కూర్చుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కనా అంతటి పాఠమే ఉంది. అడుగున అతి పురాతనమైన గ్రానైట్, దాని మీద నేరుగా క్వార్ట్‌జైట్. రెండింటికీ నడుమ కోట్లాది ఏళ్ల చరిత్రకు రాతిలో ఆనవాలే లేదు. అక్కడ కాలం తలకిందులైతే ఇక్కడ మాయమైంది. దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించినా సప్తగిరి బస్సు అక్కడ ఆగదు. రోజూ వేలమంది దాని పక్క నుంచే వెళుతున్నారు. చోటు చూసి, ఆ దారిన వెళ్లే బస్సుల్లో కొన్నింటినైనా పది నిమిషాలు ఆపి, ఎర్రబస్సు డ్రైవరులాగా ప్రేమతో చెప్పగల ఒక మనిషిని అక్కడ నిలబెట్టమని టీటీడీనీ అటవీశాఖనూ అడుగుతున్నాను.