రెండా, మూడా?

సబ్బు నీళ్ల బుడగలు ఊదుతాను. వాటిని చూసి ఎగరని పిల్లలు తక్కువే. నాకు కావలసింది ఊదడం ఆపేశాక జరిగేది. అంచనాకు వచ్చిన పిల్లాడు నా మొహంలోకి చూసి ఇంకా ఊదమంటాడా, నా చేయి లాగి డబ్బా మీద పెడతాడా, నేనక్కడ లేనట్టే మూత తిప్పుకుంటూ కూర్చుంటాడా?

ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఐఎస్‌ఏఏ స్కేలు తయారైంది సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనే పేరుతో ఉన్న జాతీయ సంస్థలో. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. 1 అంటే ‘అరుదుగా’, ఆ లక్షణం కనిపించేది 20 శాతం లోపు సమయమే; 5 అంటే ‘ఎప్పుడూ’, 80 శాతం పైన. కాగితం మీద ఎంత తేలికో!

‘‘పిలిస్తే పలుకుతాడు మేడమ్’’ అంటుంది తల్లి. ‘‘ఎక్కడ పలుకుతాడమ్మా, గొంతు పోయేలా అరవాలి’’ అంటుంది నాయనమ్మ. ఇద్దరిదీ నిజమే. తల్లి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని పిలుస్తుంది, నాయనమ్మ వాడు ఫోన్ చూస్తున్నప్పుడు పిలుస్తుంది. అందుకే ‘పలుకుతాడా’ అని అడగను. నిన్న ఎప్పుడు పిలిచారు, అప్పుడు వాడి చేతిలో ఏముంది అని అడుగుతాను. తర్వాత వెనక నుంచి నేనూ పిలిచి చూస్తాను.

సైనికాధికారులు తమ కింది వాళ్లకిచ్చిన మార్కులను పరిశీలించి మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే ఒక సంగతి పట్టుకున్నాడు: శరీర దారుఢ్యానికి మంచి మార్కు పడ్డవాడికి తెలివికీ, నాయకత్వానికీ కూడా మంచి మార్కులే పడుతున్నాయి. మా గదిలోనూ అంతే. చక్కగా తల దువ్వుకొచ్చి రైమ్ పాడిన పిల్లాడికి మిగతా అంశాల్లో చేయి దానంతటదే తక్కువ అంకె వేస్తుంది. టిక్కులన్నీ ఒకే నిలువు వరుసలో బారుగా దిగాయంటే నాకు అనుమానమే.

మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేదని లెక్క. 70 వస్తే 40 శాతం వైకల్యం. చట్టప్రకారం చాలా సదుపాయాలకు గడప ఆ 40 శాతమే. ఎక్కడో ఒక్కచోట 3 బదులు 2 పడితే 70 కాస్తా 69 అవుతుంది. కాబట్టి అంకె పక్కనే చూసింది రాస్తాను: ‘బంతి మూడుసార్లు దొర్లించాను. ఒక్కసారే తిరిగి పంపాడు, అదీ తల్లి చెప్పాక.’ ఇది చదివి ఇంకొకరు నాతో వాదించొచ్చు. ఒట్టి 3తో ఏం వాదిస్తారు?

ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చిన పిల్లాడి ముందు పొద్దున్నే స్కేలు తీయను. టిఫిన్ పెట్టించి, కాసేపు పడుకోబెట్టి తీసుకురమ్మంటాను. తిరుగు బస్సు దొరకదని తండ్రి విసుక్కుంటాడు. విసుక్కోనీ.