ర్యాప్ గీతంలో ప్రాస, లయ, శ్రోత అభిరుచి

ర్యాప్ గీతాన్ని పరిశోధన వ్యాసాలు చాలావరకు సామాజిక పత్రంగానే చదివాయి. పేదరికం, వర్ణవివక్ష, పోలీసు హింస వంటి వస్తువులను అందులోంచి ఏరుకొని గీతాన్ని పక్కన పెట్టాయి. ఒకే వస్తువును చెప్పిన రెండు గీతాలలో శ్రోత ఒకదాన్ని పదేపదే విని, రెండోదాన్ని ఒక్కసారితో ఎందుకు వదిలేస్తాడన్న ప్రశ్నకు ఈ పద్ధతిలో సమాధానం దొరకదు. అది వ్యక్తిగత అభిరుచి అని దాటవేయడం పరిపాటి. అయితే అభిరుచికీ కారణాలుంటాయి, వాటిని చూపవలసింది విమర్శే.

1979లో సుగర్‌హిల్ గ్యాంగ్ విడుదల చేసిన 'ర్యాపర్స్ డిలైట్'లో పంక్తులు ప్రధానంగా అంత్యప్రాసతో జంటలుగా సాగుతాయి. రెండేసి పాదాలు ప్రాసతో ముడిపడే తెలుగు రగడ ఎరిగినవారికి ఈ నడక కొత్త కాదు. చెవి ముందుగానే ప్రాసస్థానాన్ని ఊహిస్తుంది, ఊహించినది దొరికితే ఆనందిస్తుంది. కానీ ఆ ఆనందం త్వరగా అలసిపోతుంది.

ఈ అలసటకు విరుగుడు రాకిమ్ రచనలో కనిపిస్తుంది. డీజే ఎరిక్ బి.తో కలిసి 1987లో వెలువరించిన 'పెయిడ్ ఇన్ ఫుల్'లో అతడు ప్రాసను పంక్తి చివర నుంచి పంక్తి లోపలికి తెచ్చాడు. వాక్యం తాళావర్తంతో పాటు ముగియక తరువాతి ఆవర్తంలోకి జారుతుంది. రాకిమ్ సాక్సోఫోన్ వాయించినవాడు, జాన్ కోల్ట్రేన్ ప్రభావాన్ని స్వయంగా అంగీకరించినవాడు. అతని విరామాలలో వాద్యకారుని ఊపిరి తెలుస్తుంది. తెలుగు పద్యంలో యతిస్థానం నియతం. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర చెవి కాచుకొని ఉంటుంది. రాకిమ్ గీతంలో అటువంటి స్థానం లేదు, అందుచేత వినేవాడు ప్రతిక్షణం మేలుకొని ఉండవలసిందే. పైగా గొంతు పెంచడు. కేకతో ఆకట్టుకునే గాయకులు ఎందరో ఉన్న కాలంలో ఈ నిదానమే పెద్ద సాహసం.

అయితే వస్తువు అప్రధానమనా? కాదు. వస్తువుకు బరువు ఎక్కడ నుంచి వస్తుందన్నదే ప్రశ్న. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేర 1982లో వచ్చిన 'ది మెసేజ్' ఇందుకు చక్కని నిదర్శనం. పేదవాడలో పుట్టిన బిడ్డ చివరకు చెరసాలలో అంతమయ్యే వృత్తాంతం చెప్పే ఆఖరి చరణాన్ని మెలీ మెల్ కొత్తగా రాయలేదు. 1979 నాటి 'సూపర్‌రాపిన్' అనే గీతంలో అది అప్పటికే ఉంది. అక్కడ వేగంగా పరుగెత్తే నృత్యలయ మధ్య ఆ మాటలు వినోదపు హోరులో కొట్టుకుపోయాయి. 'ది మెసేజ్'లో నడక మందగించింది, వాద్యాల సందడి తగ్గింది, అవే మాటలు గుండెకు తగిలాయి. సందేశమే గీతాన్ని నిలబెడుతుందనే వాదానికి ఇంతకన్నా గట్టి ప్రత్యాఖ్యానం దొరకదు.

నాజ్ 1994లో వెలువరించిన 'ఇల్మాటిక్'లోని 'వన్ లవ్' మరొక దారి తొక్కింది. అది జైలులో ఉన్న మిత్రులకు రాసిన లేఖల రూపం. పేటలో ఎవరికేమైందో చెప్పుకుపోతాడే తప్ప నీతి బోధించడు. లేఖ కాబట్టి గొంతు సహజంగానే తగ్గింది. రూపం ఔచిత్యాన్ని తానే తెచ్చిపెట్టింది.

ఇక స్త్రీని కించపరిచే మాటలు, హింసను మెచ్చుకునే మాటలు. వీటిని 'వాస్తవికత' పేరుతో సమర్థించడం బలహీనమైన వాదం. శబ్దార్థాలు దోషరహితంగా ఉండాలన్న మమ్మటుని కావ్యనిర్వచనాన్ని విశ్వనాథుడు ఆక్షేపిస్తూ, పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకపోదని, విలువ మాత్రం తగ్గుతుందని వాదించాడు. ర్యాప్‌కు ఈ కొలమానం సరిపోతుంది. ప్రాసనైపుణ్యం దోషాన్ని కడిగివేయదు. దోషం ప్రాసనైపుణ్యాన్ని లేకుండా చేయదు. ఎంత తొలిచిన తరువాత రత్నాన్ని పారవేయాలన్నది మాత్రం ఏ శ్రోతకు ఆ శ్రోతే తేల్చుకోవాలి. అవమానం తనను ఉద్దేశించినదైనప్పుడు స్త్రీ శ్రోత ఆ గీతాన్ని మధ్యలోనే ఆపివేస్తే, ఆమెకు కళాభిరుచి లేదనే హక్కు ఎవరికీ లేదు.

తెలుగులో ర్యాప్ రాసేవారికి సమస్య మరోచోట ఉంది. ఇంగ్లీషు లయ అక్షరంపై పడే ఊనికను ఆశ్రయిస్తుంది, తెలుగు లయ మాత్రాకాలాన్ని ఆశ్రయిస్తుంది. 'పాలు' అన్న మాటలో దీర్ఘాన్ని కుదిస్తే అది 'పలు' అవుతుంది, అర్థమే మారిపోతుంది. సినిమా పాటలలో పల్లవికీ చరణానికీ మధ్య ఇరికించిన ర్యాప్ ముక్కలు తరచు పేలవంగా వినిపించడానికి కారణం ఇదే. అమెరికన్ ఊనికను అరువు తెచ్చి తెలుగు గురులఘువుల మీద రుద్దుతారు. వస్తువు తెలుగుదే అయినా ఉచ్చారణ పరాయిదవుతుంది. రగడలోను, బుర్రకథ వచనపు దరువులోను వేగంగా పలికినా మాత్ర చెడని నడకలు ఇప్పటికే ఉన్నాయి.