పాటకూ బాటకూ నడుమ

పేరు పెట్టి పిలిస్తే పలకని పిల్లవాడికి చెవుడేమోనన్న అనుమానం కొత్తది కాదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల తీరును వర్ణిస్తూ ఆటిజాన్ని వైద్యలోకం ముందుంచిన వ్యాసంలోనే, వారిలో కొందరిని పెద్దలు మొదట చెవిటివారనుకున్న సంగతి ఉంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి, పిల్లవాడు నిద్రలో ఉండగా తలకు తీగలు అంటించి చేసే బెరా పరీక్ష, శబ్దం చెవి నుంచి మెదడు కాండం దాకా చేరిందో లేదో చెబుతుందే తప్ప, ఆ శబ్దాన్ని పిల్లవాడు మాటగా పోల్చుకున్నాడో లేదో చెప్పదు.

పోల్చుకోవడం చిన్న పనేమీ కాదు. 'బ' పలికేటప్పుడు పెదవులు విడివడక ముందే గొంతులోని స్వరతంత్రులు కంపిస్తాయి, 'ప' పలికేటప్పుడు విడివడ్డాకే కంపిస్తాయి. సెకనులో కొన్ని వందోవంతులే ఉండే ఆ తేడా పాటను బాట నుంచి వేరుచేస్తుంది. అదే సమయంలో తల్లి సన్నని గొంతులోని 'ప'నూ, బాపు బొంగురు గొంతులోని 'ప'నూ ఒకటిగానే జమకట్టాలి, అంటే అక్కరకు రాని తేడాలను విడిచిపెట్టాలి. దీనినే వర్గీకృత గ్రహణం అంటారు. ఆటిజం ఉన్న కొందరు స్వరస్థాయిలోని స్వల్ప భేదాలను ఇతరులకంటే బాగా పసిగడతారని పరిశోధనల్లో తేలింది కనుక, వారి చిక్కు వినలేకపోవడంలో కాక విడవలేకపోవడంలో ఉండవచ్చు.

అందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం తగదు. 2005లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం బడి ఈడుకు రాని పిల్లలకు తల్లులు లాలించే తీరు మాటలనూ, వాటిని పోలిన యంత్రధ్వనినీ వినిపించినప్పుడు, ఆటిజం ఉన్నవారిలో యంత్రధ్వని వైపు మొగ్గిన పిల్లల మెదడు అక్షరం మారినా స్పందించలేదు, మాటల వైపు మొగ్గిన పిల్లల మెదడు స్పందించింది.

గోదావరిఖని వంటి బొగ్గు గనుల ఊళ్లో ఈ చిక్కుకు రొద తోడవుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల బ్లాస్టింగ్ ఎప్పుడో ఒకసారి అదిరిస్తుంది గానీ, వేసవి పొడవునా క్వార్టర్‌లో తిరిగే కూలరూ, దాని మీద గొంతు పెంచిన టీవీయే అసలు అడ్డంకి. రొద తగ్గిన క్షణాల్లో మాటను అందుకునే నేర్పు ఆటిజం ఉన్నవారిలో తక్కువని కూడా పరిశోధకులు గమనించారు. కనుక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో నేర్పిన మాటను ఇంట్లో మరింత గట్టిగా అనడం కంటే, కూలర్ ఆపి, ఎదురుగా కూర్చుని, అదే తీరులో అని, జవాబు కోసం ఆగడం మేలు. గొంతు పెంచితే స్వరస్థాయీ, అచ్చుల నిడివీ మారి, ఆ పిల్లవాడికి అది వేరే మాటగా తోచవచ్చు. తల్లి బిడ్డా అనీ, బాపమ్మ చిన్నా అనీ, బడిలో రికార్డు పేరుతోనూ పిలిచే ఆనవాయితీని కొన్నాళ్లు పక్కనపెట్టి, అందరూ ఒక్క పేరుకే కట్టుబడటం కూడా ఈ సాధనలో భాగమే.