చూసే చేతికి హద్దు

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్ కార్డు మొదలైన వాటికీ, వాటిని వాడుకునే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పని జరిపించే మూలభాగాన్ని కెర్నల్ అంటారు. అందులో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో, ఎంత సమయం తీసుకుందో అప్పటికప్పుడు నమోదు చేసేవి ట్రేసింగ్ సాధనాలు. కెర్నల్‌లో బగ్, అంటే దోషం, తలెత్తినప్పుడు దానిని వెతికేవారు ఈ సాధనాల సాక్ష్యాన్నే నమ్ముతారు కనుక, ఆ సాక్షిలోనే దోషం ఉంటే దానిని సరిదిద్దడానికి మామూలు కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ జాగ్రత్త ఎటువంటిదో 2008లో లినక్స్ అనే కెర్నల్‌కు ఎదురైన ఒక ఆపద స్పష్టంగా చూపుతుంది.

ఆ ఏడాది లినక్స్ 2.6.27 సిద్ధమవుతుండగా, దాని పరీక్షా ప్రతులను నడిపిన కొన్ని యంత్రాలలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు పనిచేయడం మానేశాయి. ‘ఇ1000ఇ’ అనే డ్రైవర్‌తో, అంటే పరికరాన్ని నడిపించే కెర్నల్ భాగంతో, పనిచేసే ఆ కార్డులలో, కరెంటు పోయినా చెరగకుండా తమ అమరికలను దాచుకునే చిన్న మెమరీ ఉంటుంది. అందులోని సమాచారమే చెడిపోవడంతో యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపినా ఫలితం లేకపోయింది. అనుమానం డ్రైవర్ మీదికీ, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ మీదికీ వెళ్లింది. నిర్ధారణ కోసం చేసే ప్రతి ప్రయోగమూ మరో కార్డును పాడుచేయగలదు గనుక వెతుకులాట మరింత కఠినమైంది. కప్పుకు చిల్లు ఒకచోట ఉంటే గోడ మరొకచోట చెమ్మగిల్లినట్లు, చివరకు కారణం ఎఫ్‌ట్రేస్‌లో బయటపడింది. స్టీవెన్ రోస్టెడ్ రూపొందించిన ఈ ట్రేసింగ్ సాధనం కెర్నల్‌లో చేరింది ఆ ప్రతితోనే.

ఫంక్షన్లు నడిచే తీరు తెలియడానికి, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ప్రతి ఫంక్షన్ మొదట్లో ట్రేసింగ్ సాధనానికి ఒక పిలుపును చేరుస్తుంది. అవసరం లేనప్పుడు ఆ పిలుపులు యంత్రాన్ని మందగింపజేయకుండా ఎఫ్‌ట్రేస్ వాటిని తుడిచి, ఏ పనీ చేయని ఖాళీ ఆదేశాలను రాస్తుంది. తొలి పద్ధతిలో ఈ పిలుపుల చిరునామాలను కెర్నల్ నడుస్తుండగా సేకరించి, కాసేపటి తరువాత మార్చేవారు. ఆ కాసేపటిలోనే, మాడ్యూల్ (నడుస్తున్న కెర్నల్‌కు విడిగా చేర్చే భాగం) మొదలయ్యేటప్పుడు మాత్రమే అవసరమైన ఫంక్షన్లు మెమరీ నుంచి తొలగిపోయి, అదే చిరునామా నెట్‌వర్క్ కార్డు మెమరీకి దక్కే వీలుండేది. మార్చే ముందు పాత ఆదేశం అక్కడే ఉందో లేదో ఎఫ్‌ట్రేస్ పోల్చి చూసేది కూడా. అయితే అందుకు వాడిన ‘కంపేర్ ఎక్స్ఛేంజ్’ అనే ప్రాసెసర్ ఆదేశం, పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో ఆ రాత వల్ల నష్టం లేదు, కానీ పరికరం తనపై పడిన ప్రతి రాతనూ ఆజ్ఞగానే తీసుకుంటుంది.

2.6.27.1లో ఈ మార్పిడి సదుపాయాన్ని ఆపివేశారు. తరువాతి ప్రధాన ప్రతికల్లా పిలుపుల చిరునామాలను కంపైల్ చేసేటప్పుడే జాబితాగా రాసి ఉంచడం, మాడ్యూల్ కోడ్ నడవకముందే మార్పులు ముగించడం, మెమరీని వదిలేటప్పుడు దాని చిరునామాలను జాబితా నుంచి కొట్టివేయడం, రాసే ముందు విడిగా చదివి చూడడం అనే పద్ధతులు స్థిరపడ్డాయి. ఎదురుచూసిన ఆదేశం కనిపించకపోతే ఎఫ్‌ట్రేస్ హెచ్చరిక ఇచ్చి తన పనిని పూర్తిగా నిలిపివేస్తుంది.

ఈ చివరి నియమంలోనే ట్రేసింగ్ సాధనాలను రూపొందించేవారి వృత్తి నీతి ఉంది. పరిశీలించే సాధనం తాను పరిశీలించే కోడ్‌నే మార్చవలసి వస్తున్నప్పుడు, అది తన జ్ఞాపకాన్ని ఎదుటి వాస్తవం కంటే ఎక్కువగా నమ్మకూడదు. అంతకుముందు కూడా ఎఫ్‌ట్రేస్ సరిచూసుకునేది, కానీ సరిచూసే చేయే రాసే చేయి కావడం వల్ల కార్డులు చెడిపోయాయి. ఆ రెండు చేతులనూ వేరు చేసి, సందేహం కలిగితే రెండోదానిని వెనక్కు తీసుకోవడం దిద్దుబాటు చేసినవారు సాధించిన మేలు. సమాచారం దొరకని ట్రేసింగ్ వల్ల పని ఆలస్యమవుతుంది, అంతే. చూడబోయి చెరిపిన దానిని మాత్రం ఏ ట్రేసింగూ తిరిగి ఇవ్వలేదు.